కిలో రొయ్యలు తిన్నా తీరని ఆకలి: ఒక మధుమేహ రోగి కేసు

46 ఏళ్ళ రొయ్యల రైతు. అన్నం మానేసి నాలుగు రోజులైంది. మానేసిన దగ్గర్నుంచి పూటపూటకూ రొయ్యలో, కోడి మాంసమో కడుపునిండా తింటూనే ఉన్నారు. అయినా గంట తిరక్కుండా మళ్ళీ ఆకలి. తల దిమ్ముగా ఉంది, కాళ్ళు తేలిపోతున్నాయి, కడుపులో వికారం. "ఇంత మాంసం తింటూ ఈ నీరసం ఏమిటండీ డాక్టరు గారూ?" అన్నది ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. ఒకటి ప్రాణం మీదికి తెచ్చేది, ఆయన వేసుకుంటున్న ఒక మాత్రకు సంబంధించినది. రెండోది వంటింటిది. ఈ రెండూ సర్దుకున్నాక గాని ఆకలిని బట్టి తినడం అనే అసలు పనికి రాలేకపోయాం. మాంసం, కొవ్వు ప్రధానంగా తినాలనుకునేవారికి "లెక్కలు వద్దు, ఆకలేస్తే తినండి, తీరితే ఆపండి" అని చెప్పేస్తుంటారు. సలహా మంచిదే. కానీ ఏళ్ళ తరబడి మందులు, గడియారం, నిద్రలేమి నడిపించిన ఆకలి మొదటి రోజు నుంచే నిజం చెప్పదు. ఈ రోగి విషయంలో దాన్ని నమ్మవచ్చు అనిపించడానికి రెండు నెలలకు పైగా పట్టింది.

రోగి అనుమతితోనే రాస్తున్నాను. ఆయన్ను పోల్చుకునే వీలున్న వివరాలు మార్చాను.

నేపథ్యం

పశ్చిమ గోదావరి డెల్టాలో సముద్రానికి దగ్గరి ఊరు. కౌలుకు తీసుకున్న చెరువుల్లో వనామీ రొయ్యలు పెంచుతారు, ఇంటి తిండికి సరిపడా వరి పొలం ఉంది. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. ఆరేళ్ళుగా మధుమేహం, మూడేళ్ళుగా రక్తపోటు. హెచ్‌బీఏ1సీ 8.9 శాతం (గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే అంకె ఇది). రక్తంలోని కొవ్వుల్లో ట్రైగ్లిజరైడ్లు 286, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 118. మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ 0.9, మూత్రంలో ఆల్బుమిన్ లేదు. స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టినట్టు ఉంది, పిత్తాశయంలో రాళ్ళు లేవు. వాడుతున్న మందులు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్. రక్తపోటుకు టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర.

ఆయన తిండి గురించి అడిగేముందు నిద్ర గురించి అడగాల్సి వచ్చింది. చెరువులో పగలు నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. నాచు, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. తెల్లవారుజామున అది బాగా పడిపోతుంది. అందుకే రాత్రంతా నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతాయి, కరెంటు పోతే జనరేటరు వెయ్యాలి, ఆలస్యమైతే పంట మొత్తం తేలిపోతుంది. కాపలా మనిషి ఉన్నా ఈయన మూడు గంటలకు లేచి గట్టు మీదికి వెళ్తారు. అక్కడ ఒక చక్కెర టీ, బన్ను. ఏడింటికి ఇంట్లో ఇడ్లీ. పదకొండు గంటలకు చెమటలు పట్టేంత ఆకలి, దానికి బిస్కెట్లు. ఒంటిగంటకు అన్నం, నాలుగింటికి టీ, రాత్రి మళ్ళీ అన్నం. ఇన్ని పూటల్లో ఒక్కటి కూడా ఆకలిని చూసి పెట్టుకున్నది కాదు.

2018 ప్రాంతంలో తెలుగునాట ఊరూరా పాకిన కొవ్వు డైటును ఆయన కూడా ఒకసారి ప్రయత్నించారు. కొబ్బరి నూనెను కొలిచి గ్లాసులో పోసుకుని తాగేవారు. వికారం, విరేచనాలు. కొద్ది వారాల్లో వదిలేశారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో కొవ్వు అంటే భయం. పైగా రక్తపోటు వచ్చాక "నూనె తగ్గించండి, ఉప్పు తగ్గించండి" అన్న మాట ఆయన భార్య మనసులో గట్టిగా పడింది. ఈసారి బంధువు ఒకరు అన్నం మానేసి షుగరు తగ్గించుకోవడం చూసి మళ్ళీ మొదలుపెట్టారు. నూనె తాగనక్కర్లేదు, మాంసం తింటే చాలు అనుకున్నారు.

నేను మామూలుగా ఇలాంటి ఆహారం సూచించను. అన్నం సగానికి తగ్గించి, పక్కన కూర, పప్పు, గుడ్డు పెంచమంటాను. చాలామందికి అదే సరిపోతుంది. ఈయనకూ అదే చెప్పాను. "కొంచెం తిని ఆపడం నా వల్ల కాదండీ. పూర్తిగా మానేయమంటే మానేస్తాను" అన్నారు. చుట్ట మానేసినవాళ్ళలోనూ ఈ రెండు రకాల మనుషులు కనిపిస్తారు. రెండో రకం మనిషిని మొదటి దారిలో నడిపించబోతే ఇద్దరి సమయమూ వృథా. ఎలాగూ మొదలుపెట్టేశారు. కాబట్టి ప్రమాదం లేకుండా జరిగేలా చూడటం నా పని అనుకున్నాను.

ముందు మందులు

డాపాగ్లిఫ్లోజిన్ మూత్రంలోంచి గ్లూకోజును బయటికి పంపుతుంది. పిండి పదార్థం తింటున్నంతకాలం సంగతి వేరు. అది దాదాపుగా మానేసి ఈ మాత్ర కొనసాగిస్తే ఇన్సులిన్ బాగా పడిపోతుంది, దానికి ఎదురు పనిచేసే గ్లూకగాన్ పెరుగుతుంది, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు హద్దు మీరి రక్తం ఆమ్లంగా మారవచ్చు. షుగరు చూస్తే 140, 150 ఉంటుంది. రోగీ, డాక్టరూ ఇద్దరూ మోసపోతారు. దీని మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015 మే నెలలో హెచ్చరిక జారీ చేసింది. అయినా "డైట్ మొదలుపెట్టాను" అంటూ వచ్చేవారిలో ఈ మాత్ర వేసుకుంటూనే ఉన్నవారు నాకు ఇప్పటికీ కనిపిస్తుంటారు. మాంసాహారం మీద జరిగే వాదాలన్నిటికన్నా ఈ ఒక్క విషయం ఎక్కువమందికి తెలియాలని నా కోరిక.

ఆయన వికారాన్ని నేను ముందు ఈ కోణంలోనే చూశాను. షుగరు 138. రక్తంలో కీటోన్లు 2.4, రక్తం ఆమ్లంగా మారితే పడిపోయే బైకార్బొనేట్ 22. అంటే ఆమ్లత ఇంకా రాలేదు. మూత్రంలో కీటోన్ల పరీక్షను ఇలాంటప్పుడు నమ్ముకోకూడదు, రక్తంలోనే చూడాలి. మాత్ర ఆపించి, దాని ప్రభావం పోయేదాకా కొన్ని రోజులు పూటకు గుప్పెడు అన్నం తినమన్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు గాని తిన్నారు.

గ్లిమెపిరైడ్ కూడా ఆపేశాను. ఇది క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తెప్పించే మందు, అన్నం లేనప్పుడు షుగరును ప్రమాదకరంగా దించేస్తుంది. ఆయన పదకొండు గంటల ఆకలి గుర్తుందా? చెమటలు, చేతుల వణుకు, ఏదో ఒకటి నోట్లో వేసుకోకపోతే పడిపోతానేమో అనే గాబరా. అది ఆకలి కాదు, మాత్ర తెచ్చిన లో షుగరు. ఆరేళ్ళుగా ఆయన ఆకలి అనుకుంటూ బిస్కెట్లతో తీర్చుకున్నదానిలో ఎంతో కొంత మందు పుట్టించినదే. మందు ఆపిన వారంలోనే అది మాయమైంది. ఆకలిని వినమని చెప్పే ఏ వైద్యుడైనా ముందు మందుల చీటీ చూడాలని నేను అనేది ఇందుకే.

మెట్‌ఫార్మిన్ కొనసాగింది. హైడ్రోక్లోరోథయజైడ్ తీసేసి టెల్మిసార్టాన్ ఒక్కటే ఉంచాను. దాని కారణం ఉప్పు దగ్గర చెబుతాను.

రొయ్యల్లో లేనిది

అన్నం మానేశాక ఏం తింటున్నారని అడిగితే, లెక్క ఇలా తేలింది. మధ్యాహ్నం కిలో రొయ్యలు ఆయనొక్కరికే. చెరువుల ఇల్లు కదా, కొదవ లేదు. రాత్రి చర్మం తీసిన బ్రాయిలర్ కోడి, లేదంటే కొరమీను. నూనె చుక్కలు లెక్కపెట్టి వండుతున్నారు.

కిలో రొయ్యలకు తల, పెంకు తీస్తే మిగిలేది అర కిలోకు కాస్త ఎక్కువ. 100 గ్రాముల రొయ్యల్లో మాంసకృత్తులు 20 గ్రాములు, కొవ్వు గ్రాము అటూ ఇటూ. అంటే కడుపు పట్టనంత తిన్న ఆ మధ్యాహ్న భోజనంలో ఉన్నది 500 కెలరీలు మాత్రమే, అదీ దాదాపు మొత్తం మాంసకృత్తుల నుంచి. కొరమీనూ అంతే. కోడి రొమ్ము ముక్కా అంతే. డెల్టాలో మాంసాహారానికి లోటు లేదు గాని, మన పళ్ళెంలోకి ఎక్కువగా వచ్చే జలచరాలు, కోళ్ళు కొవ్వు తక్కువవి. మన భోజనంలో శక్తి ఎప్పుడూ అన్నం నుంచే వచ్చింది, కూర దానికి తోడు. అన్నాన్ని తీసేసి తోడును మాత్రమే మిగిల్చితే శరీరానికి ఇంధనం ఉండదు.

మాంసకృత్తులను ఇంధనంగా కాల్చడానికి కాలేయానికి ఒక హద్దు ఉంది. అందులోని నత్రజనిని యూరియాగా మార్చి పంపాలి, ఆ పని అపరిమితంగా చెయ్యలేదు. హద్దు దాటితే వికారం, విరేచనాలు, నీరసం, ఎంత తిన్నా తీరని ఆకలి వస్తాయి. ధ్రువ ప్రాంతపు యాత్రికులకు ఇది బాగా తెలుసు. కొవ్వు లేని కుందేలు మాంసం మీదే బతకాల్సి వచ్చినవాళ్ళు తింటూనే చిక్కిపోయేవారు. ఇన్యూట్ ప్రజల మధ్య ఏళ్ళ తరబడి ఉండి వచ్చిన ధ్రువ యాత్రికుడు విల్యాల్మర్ స్టెఫాన్సన్, ఆయన సహచరుడు కార్‌స్టెన్ ఆండర్సన్ 1928లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రి వైద్యుల పర్యవేక్షణలో ఏడాది పాటు మాంసం మీదే ఉండే ప్రయోగానికి ఒప్పుకున్నారు. మొదట్లో వైద్యులు స్టెఫాన్సన్‌కు కొవ్వు లేని మాంసం మాత్రమే ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే వికారం, విరేచనాలు పట్టుకున్నాయి. కొవ్వు ఇవ్వగానే తేరుకున్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరి కెలరీల్లో మూడొంతులకు పైగా కొవ్వు నుంచే వచ్చాయి. 1930లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి.

ఈ కథ ఆయనకు చెప్పాను. నేను ఒప్పించాల్సిన మనిషి మాత్రం ఆయన భార్య. కూర ఆవిడ చేతిలో ఉంది. "గుండెకు మంచిది కాదని నూనె మాన్పించింది మీ డాక్టర్లే కదండీ" అన్నారావిడ. న్యాయమైన మాటే. అన్నంతో పాటు నెయ్యి పెంచితే ఆ భయం సరైనదే, ఇక్కడ అన్నం లేదు కాబట్టి ఇంధనం ఇంకోచోట నుంచి రావాలి, నెలకోసారి రక్తపరీక్ష చేసి ఏం జరుగుతోందో చూస్తాను, కొలెస్ట్రాల్ పెరిగితే ఊరుకోను అని మాట ఇచ్చాను.

గ్లాసులో పోసుకుని తాగడం వద్దు. అది నా మొదటి షరతు. కరిగిన కొవ్వు ఒక్కసారిగా పేగుల్లోకి దిగితే పిత్తరసం చాలదు, బయటికి వెళ్ళిపోతుంది. 2018లో ఆయనకు జరిగింది అదే. కొవ్వు ముక్కతో పాటు ఉండాలి, నమిలి తినాలి. వేటమాంసం కొట్టులో పక్కటెముకల దగ్గరి ముక్కలు, కొవ్వు తియ్యకుండా. బ్రాయిలర్ అయినా చర్మంతో. నాటుకోడి అయితే మనవాళ్ళు ఎలాగూ పసుపు రాసి కాల్చి చర్మంతోనే కొడతారు. గుడ్లు పచ్చసొనతో సహా. చేపల్లో కానాగంతలు. ఆ రోజుల్లో వరద నీరు తగిలి పులస దిగింది. పులసలో కొవ్వు దండిగా ఉంటుంది గాని, దాని ధర చెప్పి దాన్ని వైద్యంగా రాసిస్తే నవ్వుతారు. రొయ్యలు మానేయనక్కర్లేదు, వెన్నలోనో నెయ్యిలోనో వేయించాలి. వాళ్ళకు రెండు గేదెలున్నాయి, మీగడ చిలికి వెన్న తీస్తారు. ఆ వెన్న అంతదాకా అల్లుళ్ళు వచ్చినప్పటి కోసం దాచేవారట.

ఇంకో చిక్కు నేను ముందుగా ఊహించనిది. గోదావరి జిల్లాల పులుసు, ఇగురు అన్నంలో కలుపుకోవడానికి చేసినవి. ఆ కారం, ఆ పులుపు నాలుగు ముద్దల అన్నంలో విరుగుతాయి. అన్నం లేకుండా అదే కూర గిన్నెడు తింటే నోరు మండి, కడుపు మండి, ముక్క సగంలో ఆపి నీళ్ళు తాగుతారు. నీళ్ళతో నిండిన కడుపును కడుపు నిండిందని అనుకుంటారు. గంటకు మళ్ళీ ఆకలి. ఆవిడే దీనికి దారి కనిపెట్టారు. కారం మూడో వంతుకు తగ్గించి, చింతపండు మానేసి, అల్లం, మిరియాలు, కరివేపాకుతో వేపుడులా చేయడం మొదలుపెట్టారు. ఎముకలు విడిగా మరిగించి ఉప్పు, మిరియాలతో చారులా ఇచ్చేవారు.

ఉప్పు ఎందుకంటే, ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నప్పుడు మూత్రపిండాలు సోడియాన్ని పట్టి ఉంచుతాయి. పిండి పదార్థం తగ్గి ఇన్సులిన్ దిగితే ఆ సోడియం నీటితో పాటు బయటికి పోతుంది. దాని పైన మూత్రం పోయించే హైడ్రోక్లోరోథయజైడ్ కూడా ఉంటే తల తిరగడం, కాళ్ళు తేలిపోవడం, పిక్కలు పట్టేయడం వింత కాదు. అందుకే అది తీసేశాను. ఎముకల చారులో రోజుకు ఒక చెంచా దాకా ఉప్పు అనుమతించి, ఇంట్లో రక్తపోటు చూసి రాయమన్నాను. తలదిమ్ము రెండు రోజుల్లో పోయింది. రక్తపోటు 130/80 దగ్గర నిలబడింది. ఉప్పు తక్కువైన ఒళ్ళు కూడా ఏదో ఒకటి తినమనే అడుగుతుంది. చారు తాగి పావుగంట ఆగితే ఆ ఆకలి పోతే, అది ఉప్పు కోసమే.

ఆకలి పుస్తకం

తిండి తూచవద్దన్నాను. ఎంత తిన్నారో రాయవద్దన్నాను. రొయ్యల మేత లెక్కల పుస్తకం రాసే మనిషి కాబట్టి ఆయన రాయకుండా ఉండలేరు. అందుకని వేరేది రాయమన్నాను: ఎప్పుడు ఆకలేసింది, అది ఎక్కడ పుట్టింది, తిన్నాక మళ్ళీ ఎంతసేపటికి వేసింది.

మొదటి వారం ఆ పుస్తకం చూస్తే ఆకలి ఏడు, ఒంటిగంట, నాలుగు, ఎనిమిది గంటలకు ఠంచనుగా వేసింది. ఇది గ్రెలిన్ పని. 1999లో కనిపెట్టిన ఈ హార్మోను కడుపు ఖాళీగా ఉందనే కాదు, రోజూ తినే వేళ అయిందని కూడా పెరుగుతుంది. తినకపోయినా కాసేపటికి దానంతట అదే తగ్గుతుంది. దాన్ని గుర్తుపట్టడానికి ఒక చిన్న పరీక్ష చెప్పాను. ఆకలేసినప్పుడు ఉప్పు మాత్రం వేసి ఉడికించిన వేటమాంసం ముక్కను ఊహించుకోండి. దాన్ని తినాలనిపిస్తే ఆకలే, తినండి. దాని మీదికి మనసు పోకుండా మిరపకాయ బజ్జీయో, కాజాయో గుర్తొస్తే అది నోటిది, అరగంట ఆగండి. ఆయన నవ్వి, "అలా అయితే నాలుగు గంటల ఆకలి ఎప్పుడూ బజ్జీదేనండీ" అన్నారు.

అయితే మొదటి మూడు వారాలు ఏ ఆకలినీ ఆపవద్దని కూడా చెప్పాను. ఇది చాలామంది వైద్యులకు నచ్చదు. బరువు తగ్గాల్సిన మనిషిని కావలసినంత తినమనడం ఏమిటని. కొత్త ఆహారానికి మారుతున్నప్పుడు కడుపు మాడ్చితే, నాలుగో రోజు రాత్రి గట్టు మీద బన్ను గెలుస్తుంది. నా దృష్టిలో మొదటి వారాల లక్ష్యం బరువు కాదు, అన్నం లేకుండా కడుపు నిండుతుందని ఆ ఒంటికి తెలియడం. ఆయన రోజుకు నాలుగైదు సార్లు తిన్నారు. మూడింటికి టీ బదులు రెండు ఉడికించిన గుడ్లు, ఫ్లాస్కులో చారు తీసుకెళ్ళారు.

ఎప్పుడు ఆపాలన్నదానికి కొవ్వే కొలత. పళ్ళెంలో ముందు కొవ్వున్న ముక్కలు తినమన్నాను. కొవ్వు, మాంసకృత్తులు చిన్న పేగును చేరితే కోలెసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలవుతుంది, అది మెదడుకు చాలని చెబుతుంది. బాగా ఆకలిగా ఉన్నప్పుడు అమృతంలా ఉన్న కొవ్వు ముక్క, చాలినాక మొహం మొత్తుతుంది. ఆ క్షణాన ఆపాలి. అన్నంతో, తీపితో ఈ మొహం మొత్తడం అంత త్వరగా రాదు. కొవ్వు మొహం మొత్తాక కూడా ఆకలి ఉంటే కొవ్వు తక్కువ ముక్క తినవచ్చు. రెండు గంటల్లోనే మళ్ళీ ఆకలేస్తే వచ్చే పూట కొవ్వు పెంచాలి, విరేచనం పలచబడితే కరిగిన నెయ్యి తగ్గించి ముక్కలోని కొవ్వుకు మారాలి. ఇంతకు మించి నేను ఏ సంఖ్యా ఇవ్వలేదు.

ఎలా సాగింది

మొదటి రెండు వారాల్లో నాలుగు కిలోలు తగ్గారు. సంతోషించవద్దన్నాను, అది ఎక్కువగా నీళ్ళు. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ ప్రతి గ్రాముతో మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖర్చయితే నీళ్ళూ పోతాయి.

నాలుగో వారంలో పుస్తకంలో ఏడు గంటల ఆకలి కనిపించలేదు. ఆయన ఎవరూ చెప్పకుండానే ఉదయం తినడం మానేశారు, పదకొండు గంటలకు గట్టిగా తినేవారు, సాయంత్రం ఆరేడు గంటలకు మళ్ళీ. ఈసారి గాబరా ఇంట్లోవాళ్ళది. "పొద్దున్న ఏమీ తినడం లేదండీ, నీరసం వస్తుందేమో" అని ఆవిడ ఫోను చేశారు. నేను ఆయనకే ఫోను చేసి అడిగితే, చెరువు గట్టు మీద ఉన్నానని, ఆకలి గుర్తే లేదని చెప్పారు. షుగరు చూడమన్నాను, 112. వదిలెయ్యమన్నాను.

పరగడుపున షుగరు మాత్రం చాలాకాలం 120, 130 దగ్గరే ఉండి ఆయన్ను విసిగించింది. తెల్లవారుజామున కార్టిసోల్ లాంటి హార్మోన్లు పెరిగి కాలేయం గ్లూకోజును విడుదల చేస్తుంది. దానికి రాత్రి నిద్రలేమి తోడు. భోజనం తర్వాత షుగరు బాగుంటే పరగడుపు అంకెను చూసి తిండి తగ్గించవద్దని చెప్పాను.

సెప్టెంబరులో పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మే సమయం వచ్చింది. రెండు రాత్రులు నిద్ర లేదు. వలలు, ఐసు, లారీలు, కొనుగోలుదారుడితో కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) దగ్గర వాదన. మొదటి రాత్రి తెచ్చుకున్న మాంసం మనుషులకు పెట్టేసి, తెల్లవారాక అందరితో పాటు బిర్యానీ పొట్లం తిన్నారు. ఆ తర్వాత మూడు రోజులు పుస్తకం నిండా ఆకలే. ఉడికించిన ముక్క పరీక్ష పెట్టుకుంటే అన్నిటికీ "అవును" అని వచ్చింది. తన ఆకలి మళ్ళీ పాడైపోయిందని దిగులుపడ్డారు. పాడవలేదు. నిద్ర లేనప్పుడు గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిన తృప్తినిచ్చే లెప్టిన్ తగ్గుతుంది. ఆ ఆకలి అబద్ధమూ కాదు, తిండితో తీరేదీ కాదు. మాంసం, గుడ్లు అడిగినన్ని తిని, పగలైనా సరే నిద్రపోయి, ఆ తర్వాతే పుస్తకం మళ్ళీ తెరవమన్నాను. అక్కడి నుంచి రాత్రి కాపలాకు ఇంకో మనిషిని పెట్టుకున్నారు. ఈ కేసులో నా సలహాలన్నిటిలో ఎక్కువ ఖరీదైనది అదే, ఎక్కువ పని చేసింది కూడా అదే అని నా నమ్మకం.

కార్తీకం వచ్చింది. ఆ ఇంట్లో నెల పాటు మాంసం, చేపలు, గుడ్లు వండరు. ఆవిడ వ్రతాన్ని కాదనే హక్కు నాకు లేదు, ఆయనకూ ఇష్టం లేదు. పనీరు, గేదె పెరుగు మీగడ, నెయ్యిలో వేయించిన ఆకుకూరలు, కొబ్బరి, జీడిపప్పుతో నెట్టుకొద్దామనుకున్నాం. ఆ నెల నాకు చాలా నేర్పింది. పనీరుతో ఆకలి దాదాపు మాంసంతో తీరినట్టే తీరింది. మోరి నుంచి తెప్పించిన జీడిపప్పుతో తీరలేదు. కొవ్వు ఉంది, రుచి ఉంది, కానీ 100 గ్రాములకు 30 గ్రాముల దాకా పిండి పదార్థం కూడా ఉంది. ఉప్పు వేసి వేయించిన జీడిపప్పు ఎంత తిన్నా మొహం మొత్తదు. చెయ్యి డబ్బాలోకి వెళ్తూనే ఉంటుంది. ఆ నెలలో బరువు తగ్గలేదు, ఒక కిలో పెరిగింది కూడా. జీడిపప్పు డబ్బా అటక ఎక్కాక మళ్ళీ పుస్తకం కుదుటపడింది.

పరీక్షల ఫలితాలు

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 6.9, ఆరు నెలలకు 6.3, మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో. బరువు 94 నుంచి 82కు. ట్రైగ్లిజరైడ్లు 286 నుంచి 128కి దిగాయి, హెచ్‌డీఎల్ 41. క్రియాటినిన్ మారలేదు. యూరిక్ ఆమ్లం మొదటి నెలలో 8.2కు ఎక్కింది, కీటోన్లు మూత్రపిండాల్లో దానికి దారి ఇవ్వవు. కీలు నొప్పి రాలేదు, తర్వాత అదే తగ్గింది. రోజు విడిచి రోజు విరేచనం కావడం మీద ఆయన ఫిర్యాదు చేశారు. గట్టిగా లేకపోతే, నొప్పి లేకపోతే అది మలబద్ధకం కాదు, పీచు తగ్గితే పరిమాణమూ తగ్గుతుంది.

ఎల్‌డీఎల్ 118 నుంచి 171కి పెరిగింది.

ఈ అంకె దగ్గర ఆయనకూ నాకూ గట్టి వాదన జరిగింది. ఈ ఆహారంలో ఎల్‌డీఎల్ పెరిగినా ఫరవాలేదని, ట్రైగ్లిజరైడ్లు తగ్గితే చాలని ఎవరెవరో చెప్పిన వీడియోలు ఆయన చూశారు. నేను ఒప్పుకోలేదు. 46 ఏళ్ళు, మధుమేహం, రక్తపోటు, పైగా మన జాతిలో గుండెజబ్బు ముందుగానే వస్తుంది. ఎల్‌డీఎల్ 118 ఉన్నప్పుడే ఆయనకు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఇవ్వాల్సింది, 40 దాటిన మధుమేహ రోగులకు వైద్య మార్గదర్శకాలు చెప్పేది అదే. ఆ రకం మందుల్లో రోసువాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. నెయ్యి సగానికి తగ్గించి ఆ స్థానంలో చేపలు, వేరుశనగ నూనెలో వేపుళ్ళు పెంచాం. రెండు నెలలకు 92. మాత్ర వద్దంటే ఈ ఆహారం కూడా నా పర్యవేక్షణలో వద్దని ముందే చెప్పాను కాబట్టి ఆయన దారికి వచ్చారు. మొదటి రోజు ఆవిడకు నేనిచ్చిన మాట కూడా అదే కదా.

ఒక్క మనిషి కేసు ఇది. ఇది చదివి ఎవరైనా రేపటి నుంచి అన్నం మానేస్తే నాకు భయం. ఇన్సులిన్ వాడేవారు, ముఖ్యంగా టైప్ 1 రోగులు, గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఒకసారి పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చినవారు, వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్నవారు సొంతంగా దీని జోలికి పోకూడదు. తిండి విషయంలో మనసు నలిగిపోయి ఆకలిని అణచడమే అలవాటైనవారికి ఆకలి పుస్తకం మేలు కన్నా కీడు చేయవచ్చు.

సంక్రాంతికి ఇంట్లో అరిసెలు, సున్నుండలు చేశారు. భోగి నాడు ఆయన మూడు అరిసెలు తిన్నారని, ఆ రోజంతా ఆకలి వదల్లేదని పుస్తకంలో రాసుంది. కనుమ నాడు వేటమాంసం వండగానే సర్దుకున్నారు. ఆ వారమే భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఈసారి చీటీ ఆవిడ పేరు మీద. హెచ్‌బీఏ1సీ 6.1, మధుమేహపు గుమ్మంలో ఉన్నారు. "వండేది నేనే కదండీ, నేను కూడా ఇదే తినేస్తాను" అన్నారు. స్కానింగు చేయిస్తే పిత్తాశయంలో రాళ్ళు కనిపించాయి. కొవ్వు ఎక్కువ తిన్నప్పుడల్లా పిత్తాశయం గట్టిగా ముడుచుకుంటుంది, రాయి దారికి అడ్డం పడితే ఆ రాత్రే ఆసుపత్రి. "మీకు ఇది వద్దమ్మా" అన్నాను. ఆవిడకు అన్నం సగానికి తగ్గించి, పప్పు, కూరగాయలు, కొవ్వు తక్కువ చేపలు, రొయ్యలు పెంచాం. సర్జనుకు ఒకసారి చూపించమని రాసిచ్చాను. ఇప్పుడు ఆ ఇంట్లో రొయ్యలు రెండు మూకుళ్ళలో వేగుతాయి, ఒకటి వెన్నతో, ఒకటి చెంచాడు నూనెతో.